మా మామకు కనబడని చుక్క

పెళ్లి ఫొటోలు తీసేవాడికి ఆకాశంతో ఏం పని చెప్పండి? మా ఆయన వరప్రసాద్ సూరత్‌లో మన తెలుగువాళ్ల పెళ్లిళ్లు ఎన్ని తీశాడో లెక్కలేదు గానీ, ఒక్కనాడైనా కెమెరా పైకెత్తి ఒక చుక్కను తీసిన పాపాన పోలేదు. అరుంధతిని చూపించే ఫొటో మాత్రం ప్రతి ఆల్బంలోనూ ఉంటుంది. పట్టపగలు, ఫంక్షన్ హాలు లోపల, సీలింగ్ ఫ్యాను కింద పెళ్లికొడుకు వేలెత్తి పైకి చూపిస్తాడు. పెళ్లికూతురు తలెత్తుతుంది. "కనబడ్డదా అమ్మా?" అంటాడు పంతులు. "కనబడ్డది" అంటుంది ఆ పిల్ల. ఫ్లాష్ వెలుగుతుంది, అయిపోతుంది. మా పెళ్లిలో నేనూ అలాగే అన్నాను. అనకపోతే పంతులు వదిలిపెడతాడా?

మాది సూరత్ శివారు కోసాడ్‌లో ప్రభుత్వం కట్టించిన క్వార్టర్లలో పై అంతస్తు. మా మామ బక్కయ్య పడుచు వయసులో సిరిసిల్ల నుంచి ఇక్కడికి వచ్చి, సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బతుకంతా గడిపిన మనిషి. ఆ చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. మా ఆయనకు చిన్నప్పటి నుంచీ ఆ చప్పుడంటే పడదు. కార్ఖానాకు పంపిస్తే పారిపోయి, ఊళ్లోనే వరాఛాలో ఒక స్టూడియోలో లైటు పట్టుకునే పనిలో చేరాడు. అక్కడే కెమెరా నేర్చాడు, కంప్యూటర్ నేర్చాడు. నన్ను చేసుకున్నాక లైటు పట్టుకునే పని నాకు అంటగట్టాడు. కొన్నాళ్లకు మనవాళ్ల ఇళ్లలో ఏ శుభకార్యమైనా ముందు పంతులుకు, తర్వాత మా ఆయనకు కబురు వచ్చే స్థాయికి ఎదిగాడు.

ఆయన ఫొటోల్లో గొప్పతనం ఏముందని నన్నడిగితే నిజమే చెబుతాను. ఏమీ లేదు. కెమెరా మీది చక్రాన్ని ఏనాడో ఒకచోట ఆపేశాడు, ఇక దాన్ని ముట్టలేదు. ఫ్లాష్ ఎప్పుడూ వెలగాల్సిందే. ఫోకస్ కెమెరానే చూసుకుంటుంది, వెలుతురు సంగతీ అదే చూసుకుంటుంది. ఈయన చేసేదల్లా "జర నవ్వమ్మా" అనడం. అసలు విద్యంతా ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాకే. ఫొటోలు అందులోకి ఎక్కుతుండగానే మొటిమలు, మచ్చలు, దోమకాట్లు వాటంతటవే మాయమైపోయేలా పెట్టుకున్నాడు. సున్నం రాలిన గోడ పోయి వెనక జలపాతం వస్తుంది. పెళ్లికూతురు తన ఫొటో చూసి తానే మురిసిపోతుంది.

కరోనా వచ్చాక ఇంకో విద్య కూడా పట్టుబడింది. పెళ్లికి ఇంతమందే రావాలని రూల్ పెట్టారు కదా, రాలేకపోయినవాళ్లను ఫొటోలో అతికించడం. సిరిసిల్లలో చిక్కుకుపోయిన మా చుట్టం నర్సింగం, దుప్పటి ముందు నిలబడి ఫోన్లో ఫొటో తీయించి పంపితే, సూరత్‌లో మేనకోడలి పక్కన అక్షింతలు వేస్తూ తేలాడు. కింద నీడ కూడా పడేలా చేశాడు మా ఆయన. ఆ ఫొటో చూసి నర్సింగం చెల్లెలు బోరుమంది. మా మామైతే ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించి, "మావోడు లేని మనిషిని గూడ నిలవెడ్తడు" అని ఛాతీ విరుచుకునేవాడు.

రెండో ఏడు ఏప్రిల్లో కరోనా మా ఇంట్లోకే వచ్చింది. మామను, అత్త భాగీరథిని ఒకే అంబులెన్సులో తీసుకెళ్లి చెరో వార్డులో వేశారు. మామ తిరిగొచ్చాడు. అత్త రాలేదు. చివరిచూపు కూడా దక్కలేదు మాకు. ఆమె పోయిన సంగతి మామకు ఇంటికొచ్చాకే చెప్పాం. "అట్లనా" అన్నాడు. అంతే. ఏడవలేదు, అడగలేదు. నలభై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి కోసం ఒక్క కన్నీటి బొట్టు రాలకపోతే నాకు ఒళ్లు మండింది. ఆ మంట మా ఆయన మీద చూపించాను. ఆయన మాత్రం ఏం చేస్తాడు? దవాఖాన చుట్టూ తిరగడంతోనే సరిపోయింది ఆయనకు.

మే నెలాఖరులో మా కింది అంతస్తు సాంబయ్య కూతురు శ్రీలేఖ పెళ్లి పెట్టుకున్నారు. హాళ్లు మూసేశారు. పగలు డాబా మీద నిలబడితే అరికాళ్లు కాలిపోతాయి. రాత్రయితే కర్ఫ్యూ. అందుకని పొద్దుగూకే వేళకు ముహూర్తం పెట్టించి మా బిల్డింగు డాబా మీదే కానిచ్చారు. మైల ఇంటివాళ్లం కాబట్టి నేను, మామ దూరంగా నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడ్డాం. మా ఆయనది పని కాబట్టి ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు.

తాళి కట్టేసరికి చీకటి పడింది. నిజంగా చుక్కలున్న ఆకాశం కింద అరుంధతిని చూపించడం నేను చూడటం అదే మొదటిసారి. ఉత్తరాన సప్తర్షులు గరిటె ఆకారంలో తేలి ఉన్నారు. "గరిటె కాడల నడిమి చుక్క వశిష్ఠుడు. ఆయన పక్కనే ఆనుకొని సన్నగ మినుకుమంటది, గదే అరుంధతి. కనబడ్డదా?" అన్నాడు పంతులు. కనబడ్డదంది శ్రీలేఖ. కనబడ్డదన్నాడు పెళ్లికొడుకు. సాంబయ్య, ఆయన భార్య, వచ్చిన చుట్టాలు, అందరూ కనబడ్డదన్నారు. నేనూ అన్నాను. నాకు వశిష్ఠుడు కనిపించాడు, పక్కన ఎవరూ లేరు. కింద వీధి దీపాలు, పైన మిల్లుల పొగ, ఆ రెండింటి మధ్య అంత సన్న చుక్క ఎవరి కంటికి ఆనుతుంది? అయినా నోటికి అలవాటైన మాట, వచ్చేసింది.

మా మామ ఒక్కడే అనలేదు. కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తల వెనక్కి వాల్చి చాలాసేపు చూశాడు. "నాకైతే కనబడ్త లేదు" అన్నాడు. ఆయన గొంతు సంగతి చెప్పాను కదా, డాబా అంతా వినబడింది.

అందరూ నీరుగారిపోయారు. ఆయుష్షు మూడినవాడికి అరుంధతి కనబడదని, అలాంటివాడు ఆరు నెలల్లో పోతాడని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అది అక్కడ అందరికీ తెలుసు గానీ ఎవరూ నోరు విప్పలేదు. మామే విప్పాడు. "అయితే ఆర్నెల్లన్న మాట" అని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ కిందికి దిగిపోయాడు.

మర్నాటి నుంచి మొదలైంది మాకు. బీపీ గోళీ ఇస్తే చేతిలోకి తీసుకోడు. "ఆర్నెల్లకు గోళీలేంది బిడ్డా, ఉత్త దండుగ" అంటాడు. కరోనా తర్వాత గుండె నీరసించింది, ఆ గోళీ ఒక్కరోజు కూడా ఆపొద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. ఈయన ఆపేశాడు. అన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేస్తాడు. మంచి చొక్కాలన్నీ తీసి వాచ్‌మన్‌కు ఇచ్చేశాడు. సైకిలు ఎవరికో ఇచ్చేశాడు. భయంతో మనిషి కుంగిపోతున్నాడని నేనూ మా ఆయనా రాత్రంతా గుసగుసలాడుకుంటుంటే, పక్క గదిలో ఆయన గుర్రుపెట్టి నిద్రపోయేవాడు.

నేను ఊరుకోలేదు. ఎదురుగా కూర్చుని అడిగేశాను.

"మామా, ఆ దినం నాకు గూడ కనబడలే. ఎవ్వరికీ కనబడలే. అందరం ఉత్తగనే అన్నం."

"నా మనసు కుదుటవర్చనీకి అంటున్నవ్ బిడ్డా. గంతమంది అబద్ధమాడ్తరా?"

"ఆడ్తరు మామా! పెండ్లిల అందరు గదే అంటరు!"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను విసవిసా కిందికి దిగి సాంబయ్యను పట్టుకున్నాను. అన్నా, నువ్వొక్క మాట చెప్పు, మీకు కూడా కనబడలేదని మా మామతో చెప్పు అని బతిమాలాను. సాంబయ్య కొత్త అల్లుడి వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "మాకైతే బరాబర్ కనబడ్డది చెల్లె" అన్నాడు. బిడ్డ పెళ్లయి నాలుగు రోజులు కాలేదు, అరుంధతి కనబడలేదని ఏ తండ్రి ఒప్పుకుంటాడు? ఆయన్ను తిట్టుకుంటూ, నన్ను నేను తిట్టుకుంటూ పైకి వచ్చాను.

అప్పుడన్నాడు మా ఆయన. "కండ్లకు కనబడనిది కెమెరాకు కనబడ్తదంట. ఫొటో దీసి బాపు ముందల పెడ్త. చుక్క ఆడ్నే ఉన్నది, కనబడనిది పొగ వల్ల అని తెలుస్తది. అప్పుడేమంటడో జూద్దాం." వినడానికి ఎంత తేలిగ్గా ఉందో. పైగా వానలు ముంచుకొస్తున్నాయి. ఒకసారి మబ్బు కమ్ముకుందంటే సూరత్‌లో దసరా దాకా చుక్కల మాట మరిచిపోవచ్చు. దసరా నాటికి సాయంత్రం పూట సప్తర్షులు ఉండరట. చేస్తే ఇప్పుడే చేయాలి.

మొదటి సాయంత్రం ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. అలవాటు చొప్పున ఫ్లాష్ తగిలించి, కెమెరా పైకెత్తి టప్పున నొక్కాడు. తీగ మీద ఆరేసిన సాంబయ్య భార్య నైటీ ధగధగా మెరిసిపోతూ వచ్చింది. దాని వెనక ఆకాశం కాటుకలా ఉంది.

"ఏందయ్యా, అరుంధతికి ఫ్లాష్ గొడ్తున్నవా? జర నవ్వమ్మా అని గూడ అను!" అన్నాను.

"నోర్ముయ్యి విజయా, దిమాక్ ఖరాబ్ చెయ్యకు" అన్నాడు. ఫ్లాష్ మాత్రం పీకేశాడు.

రెండో రోజు ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఆ వీడియోల వాళ్లందరూ ఏ కొండ మీదో, ఏ ఎడారిలోనో నిలబడి మాట్లాడతారు. కెమెరాను స్టాండు మీద బిగించండి, లెన్సు బాగా తెరవండి, మసక వెలుతురును పెంచి పట్టే ఐఎస్‌ఓ మూడు వేల పైన పెట్టండి, షట్టరు ముప్పై సెకన్లు తెరిచి ఉంచండి అంటారు. వాళ్ల ఆకాశంలో వెలుతురు లేదు కాబట్టి అది చెల్లుతుంది. కోసాడ్‌లో అదే చేస్తే ఫొటో నిండా నారింజరంగు మురికి వచ్చింది. అందులో చుక్కలు చుక్కల్లా కాకుండా చిన్న చిన్న గీతల్లా ఉన్నాయి. ఇదేంది, కెమెరా కదిలిందా అంటే, కాదు, భూమి తిరుగుతుందట. ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే ఆ లోపలే చుక్క పక్కకు జరిగిపోతుందట. మా మామ మొండితనం చాలదన్నట్టు ఇప్పుడు భూమి కూడా మాతో పంతానికి దిగింది.

సరే, సెకన్లు తగ్గించాడు. చుక్కలు గుండ్రంగా వచ్చాయి గానీ అరుంధతి ఆనలేదు. ఐఎస్‌ఓ బాగా పెంచాడు. ఫొటో అంతా ఇసుక చల్లినట్టయింది, ఏది చుక్కో ఏది ఇసుక రవ్వో దేవుడికే తెలియాలి. లెన్సు ఇంకా బార్లా తెరిచాడు. చుక్కలకు పక్కన రెక్కలు మొలిచాయి. సెకన్లు, ఐఎస్‌ఓ, లెన్సు, ఈ మూడూ ఒకే ఇంట్లో ముగ్గురు తోడికోడళ్ల లాంటివి. ఒకదాన్ని బుజ్జగిస్తే ఇంకోటి మూతి ముడుస్తుంది. ఇన్నాళ్లూ ఆ ముగ్గురినీ కెమెరానే సముదాయించేది, ఈయనకు వాటి ముఖాలే తెలియవు. ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ తిప్పి చూడటం, తీసి చూడటం, తిట్టుకోవడం. నేను ఒక దుప్పటి రెండు చేతులతో పట్టుకుని, వీధి దీపం కెమెరా మీద పడకుండా అడ్డంగా నిలబడేదాన్ని. చేతులు పడిపోయేవి. దించితే అరుస్తాడు.

ఇవన్నీ ఒక ఎత్తయితే ఫోకస్ ఒక ఎత్తు. కెమెరా తనంతట తాను చుక్కను వెతకబోయి, లెన్సును గుర్రుమని ముందుకీ వెనక్కీ తిప్పి, చివరికి నాకు చేతకాదని ఊరుకుంది. అలాగైతే నేనే తిప్పుతానని ఈయన లెన్సును ఆ కొస దాకా, దూరం గుర్తు ఉన్న చోటుకు తిప్పాడు. దూరం అంటే చుక్కలకన్నా దూరం ఏముంటుంది? ఫొటోలో వశిష్ఠుడు పెద్ద బొట్టుబిళ్లలా వచ్చాడు. ఆ బొట్టుబిళ్ల కింద అరుంధతి ఎక్కడో నలిగిపోయింది. మా ఆయన లెన్సు మూతను తీసి ట్యాంకుకేసి కొట్టాడు. అది రెండు ముక్కలైంది.

"మూత మీద ఎందుకు జూపెడ్తవ్ నీ కోపం?" అన్నాను.

"ఇంగెవరి మీద జూపియ్యాలె? నీ మీదనా? బాపు మీదనా?" అన్నాడు. నేను మూత ముక్కలు ఏరుకున్నాను.

ఆ సాయంత్రమే ఒక కిటుకు దొరికింది. కెమెరా వెనక తెర మీద బాగా వెలిగే చుక్కను పెద్దది చేసుకుని చూస్తూ, లెన్సును వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పాలి. బొట్టుబిళ్ల తగ్గి తగ్గి సూది మొనంత అయినప్పుడు ఆపాలి. ఆ కొస నుంచి కాస్త వెనక్కి రావాలన్న మాట. అది ఆపాక లెన్సును కొంచెం మూసి, ఐఎస్‌ఓ పదహారు వందలు పెట్టి, అయిదు సెకన్లు తెరిచి ఉంచాడు. తెర మీద పెద్దది చేసి చూస్తే, వశిష్ఠుడి పక్కన, ఆయనకు ఎడంగా, సన్నటి ఇంకో చుక్క! ఇద్దరం చిన్నపిల్లల్లా గంతులేశాం. పెళ్లయిన ఇన్నేళ్లకు అరుంధతిని చూశాను నేను.

కంప్యూటర్లోకి ఎక్కించాడు. పెద్దది చేసి చూశాడు. వశిష్ఠుడున్నాడు, అరుంధతి లేదు.

కెమెరా తెర తప్పు చూపించిందేమో అనుకున్నాడు. మర్నాడు మళ్లీ తీశాడు. కెమెరాలో ఉంది, కంప్యూటర్లో లేదు. ఆ మర్నాడు మబ్బు. ఆ తర్వాతి రోజు మబ్బుల సందులోంచి తీస్తే మళ్లీ అదే వరస. ఇంట్లో మామ గోళీ ముట్టక వారం దాటింది, రెండు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. బాపుకే కాదు, ఈ ఇంటికే కనబడనని అరుంధతి ఒట్టు పెట్టుకుందేమో అన్నాడు. ఆ మాటకు నాకు వెన్నులో చలి పుట్టింది. పుట్టిన చలిని కోపంగా మార్చుకుని, జరుగు, నేను చూస్తానని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫొటో ఎక్కుతుంటే తెర మీద మొదట అరుంధతి ఉంది. కన్ను మూసి తెరిచేలోగా మాయమైంది. మళ్లీ ఎక్కించాను. ఉంది. మాయమైంది.

అప్పుడు తెలిసింది. ఫొటో ఎక్కుతుండగానే మచ్చలు తుడిచే ఏర్పాటు ఒకటి ఉందని చెప్పానే, అది దాని పని అది చేసుకుపోతోంది. ఇన్నేళ్లుగా పెళ్లికూతుళ్ల మొటిమలు తుడిచి తుడిచి, అరుంధతిని కూడా మొటిమే అనుకుని తుడిచేసింది.

"ఎంత పని జేసినవయ్యా! చుక్కను గూడ మచ్చ అని తుడిసినవా?"

"నేనా తుడిసింది? సాఫ్ట్‌వేర్ తుడిసింది!"

"పెట్టింది నువ్వే గదా!"

ఇద్దరం అరుచుకుని, అలిసిపోయి, ఆ ఏర్పాటు తీసేసి, ఫొటో మళ్లీ ఎక్కించాం. అరుంధతి నిలిచింది. మర్నాడు పొద్దున్నే పక్కనే అమ్రోలిలో తెలిసిన ల్యాబు సగం షట్టరు తెరిపించి, పెద్ద సైజులో ప్రింటు వేయించుకొచ్చాడు. మామ ముందు పెట్టి వేలితో చూపించాడు. ఇది వశిష్ఠుడు, ఇది అరుంధతి. ఇది మన డాబా మీద నుంచి తీసిందే బాపూ. చుక్క ఎక్కడికీ పోలేదు, పొగ వల్ల ఎవరికీ ఆనలేదు, అంతే.

మామ ఫొటోను వెలుతురుకు పెట్టి చూశాడు. దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. మెచ్చుకోలుగా తల ఊపాడు.

"మస్తున్నదిరా. నర్సింగాన్ని గూడ గిట్లనే అతికిచ్చినవ్."

"అతికియ్యలే బాపూ! నిజంగ దీసిన. అమ్మ తోడు!"

"నీ చెయ్యి నాకు తెల్వదా? మనిషినే నిలవెట్టినోనివి, ఒక్క చుక్కను పెట్టలేవా?" అని ఆప్యాయంగా కొడుకు భుజం తట్టి ఫొటో తిరిగి ఇచ్చేశాడు.

మా ఆయన ముఖం చూడలేకపోయాను. బాల్కనీలోకి పోయి నిలబడ్డాడు. "బతుకంత అబద్ధం ఫొటోలు దీస్తే అందరు నిజమనుకున్నరు. ఒక్క నిజం దీస్తే ఇంట్ల నాయినే నమ్మకపాయె" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముందని కాదంటాను?

నాకు మాత్రం మామ మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక మనిషిని బతికించుకోవడానికి ఇంకో మనిషి ఇంత అవస్థ పడుతుంటే, నవ్వి భుజం తడతాడా? ఆ సాయంత్రం ఆయన మంచం ముందు నిలబడ్డాను.

"లే మామా. పైకి పోదాం. నువ్వే దియ్యి ఫొటో. నీ చేత్తోని నువ్వే నొక్కు. కంప్యూటర్ లేదు, అతుకు లేదు."

"మోకాళ్లు గుంజుతున్నయి బిడ్డా."

"మేం పట్టుకుంటం."

"మబ్బు వట్టింది."

"ఉత్తరం సాఫ్ ఉన్నది, నేను జూసొచ్చిన."

"రేపు జూద్దాం తియ్యి."

"రేపు వానొస్తది. ఇయ్యాల నువ్వు రాకపోతే నేను గూడ అన్నం ముట్ట. నువ్వెన్ని దినాలు ముట్టవో నేను గూడ అన్ని దినాలు ముట్ట. ఇద్దర్ని ఒక్కపారే సాగనంపుతడు నీ కొడుకు!"

ఆ మాట అన్నాక నాకే భయం వేసింది. మామ నా వైపు అదోలా చూశాడు. లేచి కండువా భుజాన వేసుకున్నాడు. ఒక రెక్క నేను, ఒక రెక్క మా ఆయన పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి తీసుకెళ్లాం.

సముద్రం వైపు నుంచి తడిగాలి కొడుతోంది. పడమర అంతా మబ్బే. ఉత్తరాన మాత్రం గరిటె కాడ దగ్గర కాస్త చోటు మిగిలింది. మా ఆయన కెమెరాను స్టాండుకు బిగించి, చుక్కను సూది మొనంత చేసి, అయిదు సెకన్లకు పెట్టి పక్కకు జరిగాడు. నేను దుప్పటి పట్టుకున్నాను. మామ వేలు తడుముకుంటూ వచ్చి మీట మీద ఆనించి గట్టిగా ఒత్తాడు. స్టాండు ఊగిపోయింది. తెర మీద చుక్కలన్నీ పాము కుబుసాల్లా మెలికలు తిరిగాయి.

"సూసినవా? నాకు కెమెరాల గూడ కనబడది" అన్నాడు మామ. ఆ గొంతులో దిగులు లేదు, గెలిచినట్టుంది. నేను దుప్పటి నేలకేసి కొట్టబోయి ఆగాను.

"ఆగు బాపూ. నువ్వు నొక్కినంక రెండు సెకన్లు ఆగి అదే తీసేటట్టు పెడ్త. అప్పుడు వేలి అదురు తగలది" అన్నాడు మా ఆయన. మబ్బు అంచు గరిటె మీదికి పాకుతోంది. ఆయన చేతులు తొందరపడ్డాయి గానీ తప్పలేదు. మామ మళ్లీ నొక్కాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కెమెరా ఒక్క క్షణం ఊరుకుని, టక్కుమని తెరుచుకుంది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. టక్కుమని మూసుకుంది.

మా ఆయన తెరను మామ ముఖానికి దగ్గరగా తిప్పి, చుక్కను పెద్దది చేశాడు. వశిష్ఠుడు. పక్కనే, సన్నగా, అరుంధతి.

"నేను ముట్టలే బాపూ. నువ్వే నొక్కినవ్. నువ్వే దీసినవ్."

మామ చాలాసేపు చూశాడు. తలెత్తి ఆకాశం వంక చూసి, మళ్లీ తెర వంక చూశాడు.

"గదేనా?"

"గదే."

"పక్కానా?"

"పక్కా బాపూ. చుక్క ఉన్నది. నీకేం గాదు."

నవ్వుతాడనుకున్నాను. ఇన్నాళ్ల అవస్థకు ఒక్క నవ్వు వస్తుందని, నా చేతుల నొప్పులు అప్పుడు తీరిపోతాయని అనుకున్నాను. ఆయన ట్యాంకు గోడకు జారగిలబడి కూర్చున్నాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఏప్రిల్ నుంచి ఒక్కసారి కూడా ఏడవని మనిషి, సాంచాల చప్పుడు మీద అరవడం అలవాటైన ఆ గొంతుతోనే, డాబా అంతా వినబడేలా ఏడ్చాడు.

"ఎందుకు జూపిచ్చినవ్‌రా? ఆర్నెల్లే గదా అని పానం నిమ్మళంగ ఉండె. దీపావళి దాటంగనే మీ అమ్మ తానికి వోతననుకుంటి. అది ఒక్కతే పాయెరా, అంతమందిల నేను పక్కకు గూడ లేకపోతి. ఇప్పుడింక ఎన్నేండ్లుండాల్నో సెప్పు. ఎన్నేండ్లు?"

ఆయన చావుకు భయపడుతున్నాడని కదా మేమనుకున్నాం! గోళీలు మానడం, చొక్కాలు పంచిపెట్టడం, ఫొటో చూసి నవ్వి తిరిగి ఇవ్వడం, మోకాళ్ల నొప్పులు, మబ్బుల సాకులు, అన్నీ నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆయన అత్త దగ్గరికి పోవడానికి తయారవుతున్నాడు. నేను చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చి, ఆ దారి మూసేశాను.

మా ఆయన వెళ్లి తండ్రి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎన్నేండ్లున్నా నాకు సాలది బాపూ" అన్నాడు. "అమ్మను గూడ సూడలే నేను. నువ్వన్న ఉండు."

మామ కొడుకు తలను రెండు చేతులా పట్టుకుని ఒళ్లోకి లాక్కున్నాడు. ఇద్దరూ అలాగే కూర్చుని ఏడుస్తున్నారు. నేను కెమెరా ఆపేసి, దుప్పటి మడిచి, వాళ్లనక్కడే వదిలి అన్నం వండటానికి కిందికి దిగాను.